వేగుచుక్కలు

పదకొండేళ్ళుగా ఒంట్లో మోస్తున్నదాన్ని నూకరత్నం ఆ రోజే మొదటిసారి కళ్ళతో చూసింది.

గోడంత తెర మీద ఆమె శరీరం బూడిదరంగు నీడలా పరుచుకుని ఉంది. మెడకు రెండు వైపులా, చంకల్లో, గజ్జల్లో, పేగుల మడతల వెంట సన్నని నీలి చుక్కలు. పేగుల దగ్గరైతే చుక్కలని కూడా అనలేం, నీలం పొడి చల్లినట్టుంది. ముందురోజు ఆమె నరంలోకి ఎక్కించిన మందు ఒళ్ళంతా తిరిగి, వైరస్ దాగి ఉన్న కణాలను వెతికి పట్టుకుని, వాటికి అంటుకుని వెలుగుతోంది. ఆ మందుకు పరిశోధన కేంద్రంలో పెట్టుకున్న పేరు వేగుచుక్క.

తెర వెలగగానే గదిలో ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

డాక్టర్ ఎస్తేరుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హెచ్ఐవీకి మందులు వాడుతున్నవాళ్ళ ఒంట్లో మిగిలిపోయే వైరస్ ఎక్కడ దాక్కుంటుందో, బతికున్న మనిషిలో చూడాలని ఆమె జుట్టు నెరిసేదాకా పనిచేసింది. ఎలుకల్లో చూసింది, కోతుల్లో చూసింది. మనిషిలో చూడటం ఇదే మొదలు.

ఆ మనిషి మాత్రం ఆసుపత్రి గౌనులో, కాళ్ళకు చెప్పుల్లేకుండా, గది మధ్యలో నిలబడి ఉంది.

“ఇయన్నీ అదేనా డాక్టరమ్మా?”

“అవే నూకరత్నం. ఇన్నాళ్ళూ ఎవరికీ దొరకలేదు. నీ వల్ల దొరికాయి.”

“మరి నాకు లేదన్నారు గదా. రక్తం తీసిన ప్రతిసారీ కనబడ్డం లేదన్నారు గదా.”

ఎస్తేరు జవాబు చెప్పబోయింది. అంతలో ఆమె కింద పనిచేసే డాక్టర్ ప్రణీత్ “మాడమ్, త్వరగా ఇటు రండి, ప్లీహం చూడండి!” అని కేకేశాడు. ఆ వెంటనే ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. ఫోను పెట్టేసి ఆమె తిరిగి చూసేసరికి నూకరత్నం చీర మార్చుకుని వెళ్ళిపోయింది.

నూకరత్నం విశాఖపట్నంలో సిటీ బస్సు కండక్టరు. ఆ జబ్బు మొదటి భర్త నుంచి వచ్చింది. అతను పోయాకే ఆ సంగతి బయటపడింది. అప్పటినుంచి రాత్రి అన్నం తిన్నాక ఒక మాత్ర వేసుకోవడం ఆమెకు పళ్ళు తోముకోవడమంత అలవాటు. సన్నిబాబు అప్పట్లో రోజూ ఆమె బస్సే ఎక్కేవాడు. చేపల రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. అతను పెళ్ళి మాట ఎత్తినప్పుడు ఆమె మొదట చెప్పింది జబ్బు సంగతే. కొన్నాళ్ళు అతను బస్సులో కనబడలేదు. తర్వాత ఒక పొద్దున ఎక్కి, టిక్కెట్టు తీసుకుంటూ, “ఆస్పత్రికి నన్నూ తీసుకెల్లు. డాక్టరు ఏటంటాడో నాను కూడా ఇంటాను” అన్నాడు.

మాత్రలు మానకుండా వేసుకుంటూ, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే ఉంటే, భార్య నుంచి భర్తకు రాదని డాక్టరు చెప్పాడు. అతను రెండుసార్లు అడిగి రెండుసార్లు చెప్పించుకున్నాడు. పెళ్ళయింది. లాస్య పుట్టింది. చేయాల్సిన పరీక్షలన్నీ చేశారు. బిడ్డకు లేదు, అతనికీ లేదు.

కనబడటం లేదన్న మాటను నూకరత్నం ఏకంగా లేదనే అర్థం చేసుకుంది. ఆ ధైర్యంతోనే కాపురం చేసింది, బిడ్డను కంది. పరిశోధనకు మనుషులు కావాలంటే తన పేరు ఇచ్చిందీ ఆ ధైర్యంతోనే. తనలాంటి ఇంకో ఆడదానికి మంచి జరుగుతుంది కదా అనుకుంది.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు, నీలి పొడి కనబడుతోంది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే లాస్య పరిగెత్తుకొచ్చి నడుం పట్టుకుంది. నూకరత్నం కూతురి చేతులు విడదీసి, స్నానాల గదిలోకి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు. అన్నం దగ్గర తనకు వేరే కంచం పెట్టుకుంది. నీళ్ళ గ్లాసు వేరే పెట్టుకుంది. మర్నాడు బడికి తయారవుతూ జడ వెయ్యమని పిల్ల దువ్వెన పట్టుకొస్తే, “మీ నాన్ననడుగు” అంది. సన్నిబాబు ఇంజను ఆయిలు పోని వేళ్ళతో ఏవో పాయలు కలిపి రబ్బరు బ్యాండు చుట్టాడు. పిల్ల అద్దంలో చూసుకుని ఏడ్చింది.

“ఏటైనాది నీకు?” అన్నాడు సన్నిబాబు, పిల్లను బడిలో దింపి వచ్చాక.

“ఏటీ అవ్వలేదు.”

“నా పక్కన కూకోవు. రాత్రి ముందు గదిలో చాప ఏసుకుని పడుకున్నావు. ఏటీ అవ్వకపోతే ఇదేటి?”

“నా ఒంటినిండా ఉంది మావా. నాను సూసేను. సుక్కలు సుక్కలుగా, పేగులనిండా. ఇన్నేళ్ళు మందులు మింగినాను, ఒక్కటీ పోలేదు. మనకి అబద్దం చెప్పినారు.”

“నాకు లేదు గదా. పాపకి లేదు గదా. అబద్దమెలాగవుద్ది?”

“ఇంతవరకూ లేదు” అంది నూకరత్నం.

ఆదివారం నాటికి ఆమె అనకాపల్లిలో ఉన్న అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ఒంట్లో బాగాలేదని డ్యూటీకి సెలవు పెట్టింది. పిల్లను తండ్రి దగ్గరే ఉంచింది. పరిశోధన కేంద్రం నుంచి ఫోన్లు వస్తే ఎత్తలేదు. మాత్రల సీసా సంచిలో ఉంది గానీ, మూత తియ్యలేదు. మింగినా ఉంటుంది, మింగకపోయినా ఉంటుంది, ఇంకెందుకు అనుకుంది. రోజూ భోజనం అయ్యాక ఆ వేళకు చెయ్యి దానంతటదే సంచివైపు వెళ్ళేది. కొన్నాళ్ళకు అదీ మానేసింది.

వానలు మొదలై, ముదిరి, వెనకపట్టాయి. సన్నిబాబు వారం వారం పిల్లను తీసుకుని అనకాపల్లి వచ్చేవాడు. ఆమె గడప అవతల కూర్చుని మాట్లాడేది. మొదట్లో బాగానే కనబడింది. తర్వాత జ్వరం వచ్చిపోతోందని అక్క చెప్పింది. ఆ తర్వాతి వారం అతను వచ్చేసరికి నూకరత్నం గోడకు జేరగిలబడి ఉంది. చేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. నోట్లో తెల్లగా పూసింది, మంచినీళ్ళు మింగడానికి కూడా కళ్ళు గట్టిగా మూసుకుంటోంది.

సన్నిబాబు పిల్లను వాళ్ళ పెద్దమ్మ దగ్గరికి పంపి, భార్య ముందు గొంతుక్కూర్చున్నాడు.

“మందులేసుకుంటన్నావా?”

ఆమె చూపు పిల్ల వెళ్ళిన గుమ్మంవైపు తిప్పుకుంది.

“రత్నం, నిన్నే.”

“మానీసినాను.”

“ఎప్పుడు?”

“ఇక్కడికొచ్చిన కాణ్ణుంచీ.”

అతను తిట్టలేదు. లేచి బయటికి వెళ్ళి ఆటో పిలుచుకొచ్చాడు. “పరాయోడి పడవ ఇంజను ఆగిపోతేనే నాను ఒగ్గీసి రాలేను. నిన్నెలాగ ఒగ్గీస్తాననుకున్నావు?” అంటూ ఆమెను రెండు చేతులా ఎత్తుకున్నాడు. ముట్టుకోవద్దని ఆమె గింజుకుంది. అంత ఓపిక లేక అతని భుజం మీద తల వాల్చేసింది.

పరిశోధన కేంద్రంలో డాక్టర్ ఎస్తేరు ఆమెను చూసి ముందు గుర్తుపట్టలేదు.

నోటి పూతకు మందు ఇచ్చి, సెలైను పెట్టి, రక్తం తీశారు. కొన్ని గంటల్లో వైరస్ లెక్క వచ్చింది. లక్షల్లో ఉంది. వేగుచుక్క ఎక్కించి మర్నాడు యంత్రంలో పడుకోబెట్టారు. ఈసారి తెర వెలిగినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నిద్రపోతున్న వైరస్ నీలంగా కనబడుతుంది, లేచి తన పిల్లలను పుట్టిస్తున్నది నారింజరంగులో కనబడుతుంది. మొదటి చిత్రంలో ఒక్క నారింజ చుక్క లేదు. ఇప్పుడు మెడ, చంకలు, పొట్ట అంతా నిప్పు రాజుకున్నట్టు ఉంది. చూస్తుండగానే ఒక చుక్క పక్కన ఇంకొకటి వెలుగుతోంది.

“మాడమ్,” అన్నాడు ప్రణీత్ గొంతు తగ్గించి. అతను చెడ్డవాడు కాదు. ఆ యంత్రంలో సగం అతని బుర్రలోంచి వచ్చిందే. “వైరస్ లేచేటప్పుడు ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ముందు ఎక్కడ లేస్తుంది, ఏ దారిన పాకుతుంది, అన్నీ కనబడుతున్నాయి. మాత్రలు ఒక్క వారం ఆగి మొదలుపెడదాం. మనం ఆపించలేదు కదా, ఆవిడే మానేసింది. వారంలో ఏమీ కాదు. జబ్బును పూర్తిగా పోగొట్టే మందుకు దారి ఇందులోనే ఉంది.”

అతను చెప్పినదాంట్లో చాలామటుకు నిజమేనని ఎస్తేరుకు తెలుసు. ఇలాంటి వారం కోసమే ఆమె ఎన్నో ఏళ్ళు ఖర్చుపెట్టింది. ఆమె తెరవైపు చాలాసేపు చూసింది. ఆ వెలుగుతున్నది ఎవరి శరీరమో అద్దం అవతల కనబడుతూనే ఉంది. సన్నిబాబు భార్యను లేపి కూర్చోబెట్టి, చెంచాతో గంజి తాగించడానికి ప్రయత్నిస్తున్నాడు. సగం గంజి ఆమె గడ్డం మీదే కారిపోతోంది.

“మొదటిసారి మనం చప్పట్లు కొట్టినప్పుడు ఆమె మొహం చూశావా ప్రణీత్?”

“లేదు మాడమ్.”

“నేనూ చూడలేదు. మాత్రలు తీసుకురా. ఇవాళే, ఇప్పుడే.”

మాత్ర, మంచినీళ్ళు తీసుకుని ఎస్తేరు తనే లోపలికి వెళ్ళింది. నూకరత్నం మొహం పక్కకు తిప్పుకుంది.

“ఏసుకుంటే పోతాదా డాక్టరమ్మా? పోదు గదా. మీరే సూపించారు.”

“చూపించాను. ఏం చూపించానో చెప్పకుండా చూపించాను. అది నా తప్పు.” ఎస్తేరు మంచం మీద కూర్చుంది. చేతిలో ఉన్న పలక లాంటి తెర మీద రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టింది. “ఇది మొదటిసారి తీసింది. ఇది ఇవాళ తీసింది. రెండూ నువ్వే.”

నూకరత్నం చూడనంది. సన్నిబాబు చూశాడు. “ఈ ఎర్రటివేటండి?”

“లేచిన వైరస్. పుడుతోంది, పక్క కణంలో దూరుతోంది, అక్కడ పాతుకుని మళ్ళీ పుడుతోంది. నీలంగా ఉన్నవి నిద్రలో ఉన్నవి. వాటివల్ల ఆమెకూ ఏమీ కాదు, నీకూ ఏమీ కాదు.”

“మరి మందు ఏటి సేస్తాదండి? నిద్రపుచ్చుతాదా?”

“కాదు. నిద్రపోతున్నదాన్ని మందు ఏమీ చెయ్యలేదు, అందుకే పూర్తిగా పోదు. రోజూ ఎక్కడో ఒకటి రెండు లేస్తూనే ఉంటాయి. లేచినదాని పిల్లలు పక్క కణంలోకి వెళ్ళి, తమ జన్యువుల రాతను మన కణం రాతలోకి మార్చుకుని అందులో అతుక్కోవాలి. అలా చేస్తేనే అవి బతుకుతాయి. ఈ మాత్రలో మూడు మందులున్నాయి. రెండు ఆ రాత మార్చుకోనివ్వవు. మూడోది అతుక్కోనివ్వదు. ఇక వాటికి చోటు లేదు, చచ్చిపోతాయి. వైరస్ లేచిన కణం కూడా ఎక్కువకాలం బతకదు. మందు ఒంట్లో ఉన్నంతకాలం ఒకటి ఇంకొకటి కాలేదు.”

సన్నిబాబు రెండు చిత్రాలనూ మార్చి మార్చి చూశాడు. “అంటే ఈ మొదటిది...” అని ఆగి, భార్య వైపు తిరిగాడు. “రత్నం, ఇటు సూడు. నువ్వు భయపడ్డావు గదా, ఆ నీలంది. అది జబ్బు బొమ్మ కాదే. మందు బొమ్మ. నువ్వు మందేసుకుంటే నీ ఒళ్ళు అలగుంటాది.”

నూకరత్నం నెమ్మదిగా తల తిప్పింది. నారింజరంగు మంటను చూసింది, పక్కన నిశ్శబ్దంగా ఉన్న నీలాన్ని చూసింది. చూపుడువేలితో నీలం మీద తాకింది.

“అయితే ఇన్నేళ్ళూ నాను ఉత్తినే మింగలేదా?”

“ఉత్తినే కాదమ్మా,” అంది ఎస్తేరు. “ఏ ఒక్క రోజూ కాదు.”

మాత్ర పెద్దది, నోరంతా పుండ్లు. మింగేటప్పుడు ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. అయినా మింగింది.

అప్పటికీ గండం పూర్తిగా గడవలేదు. మధ్యలో మానేసి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వైరస్ ఆ మందుకు లొంగకుండా మారిపోయే ప్రమాదం ఉంటుంది. మారిందో లేదో తేల్చే పరీక్ష ఫలితం రావడానికి సమయం పడుతుంది. ఈలోగా సన్నిబాబుకు పరీక్ష చేశారు. ఆమె భయంతో దూరంగా ఉండటమే మేలైంది, అతనికి రాలేదు. ఆ మాట ఎస్తేరు చెప్పినప్పుడు నూకరత్నం రెండు చేతుల్లో మొహం దాచుకుని, “నూకాలమ్మ తల్లీ” అని మాత్రం అంది.

ఆమె కేంద్రంలోనే ఉండిపోయింది. జ్వరం తగ్గింది, నోటి పూత మానింది. ఒక ఉదయం ఉప్మా తిని ఇంకాస్త పెట్టమంది. వారానికోసారి యంత్రంలో పడుకునేది. ఎవరూ బలవంతం చెయ్యలేదు, ఈసారి ఆమే అడిగింది.

పిల్లను తీసుకొచ్చిన రోజు లాస్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తల్లి దగ్గరికి రానిస్తుందో లేదో ఆ పిల్లకు తెలియదు. నూకరత్నం చెయ్యి చాచింది. పిల్ల కదల్లేదు.

“అమ్మా, నన్ను తిడతావా?”

“నాను నిన్నెందుకు తిడతానే నా తల్లీ? భయమేసి దూరంగా ఉన్నాను గానీ.”

“నానంటే భయమా?”

నూకరత్నం మంచం దిగి వెళ్ళి, నేల మీద కూలబడి, పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. లాస్య కాసేపు బిగుసుకునే ఉండి, ఆ తర్వాత తల్లి కొంగు నోట్లో కుక్కుకుని, నెలలుగా ఆపుకున్నదంతా ఏడ్చింది.

ప్రణీత్ ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని వచ్చి, వాకిట్లో నిలబడి, రావచ్చా అని అడిగాడు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఇది మీరు మాత్ర వేసుకున్న మర్నాటి నుంచి తీసిందండి. నేను పేర్చి సినిమాలా చేశాను. ఇంకా ఎవరికీ చూపించలేదు. మీరే ముందు చూడాలని మాడమ్ చెప్పారు.” కొంచెం ఆగి, “నాకూ అలాగే అనిపించింది,” అన్నాడు.

ఒక్క కణాన్ని బాగా దగ్గర చేసి చూపించాడు. నారింజరంగులో మండుతున్న కణం. దానిలోంచి మినుకు మినుకుమంటూ రేణువులు బయటికొచ్చాయి, పక్క కణాల్లోకి దూరాయి. దూరినవి దూరినట్టే ఆరిపోయాయి. ఒకటి కాదు, అన్నీ. కాసేపటికి మండుతున్న కణం కూడా నలిగి, చితికి, మాయమైంది. చుట్టూ ఉన్న కణాలు ఎప్పటిలాగే ఉన్నాయి.

“ఇంకోపాలి పెట్టండి,” అంది నూకరత్నం. పెట్టాడు. మళ్ళీ పెట్టమంది.

“అయ్యి లోపలికెళ్ళి కూడా ఏటీ సెయ్యలేకపోతన్నాయి,” అంది. ఆమె గొంతులో ఆశ్చర్యం కంటే గర్వం ఎక్కువగా ఉంది. “ఇది నా ఒంట్లోనేనా?”

“మీ ఒంట్లోనే. నిజం చెప్పాలంటే, మీకు మందు ఆలస్యం చేసి వైరస్ లేవడాన్ని చూద్దామని అన్నానండి నేను. మాడమ్ ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే ఇది దొరికేదీ కాదు, నేను మీ మొహం చూడగలిగేవాణ్ణీ కాదు.”

నూకరత్నం అతనివైపు చూసింది. “బాబూ, బస్సు తోలేవోడు రోడ్డు సూత్తాడు. ఎక్కినోల్ల మొకాలు సూడ్డు. నీకిప్పుడు కనబడింది గదా, చాలు.”

ఆ తర్వాత ఆ కేంద్రంలో ఒక పద్ధతి మారింది. బొమ్మ ఒక్కటే ఎవరికీ చూపించడం లేదు. ముందు పక్కన కూర్చుని మాట్లాడతారు, ప్రణీత్ చేసిన సినిమా వేస్తారు, ఆపైన మీది చూస్తారా వద్దా అని అడుగుతారు. వద్దన్నవాళ్ళకు చూపించరు.

ఫలితాలన్నీ వచ్చిన రోజున ఎస్తేరు ముగ్గుర్నీ తన గదికి పిలిచింది. లాస్య కుర్చీలో గుండ్రంగా తిరుగుతోంది. సన్నిబాబు కూర్చోలేదు. ప్రణీత్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

“వైరస్ మారలేదు,” అంది ఎస్తేరు. “పాత మాత్రకే లొంగింది. రక్తంలో మళ్ళీ కనబడటం లేదు.” ఒక్క క్షణం ఆగి, “కనబడటం లేదు అంటే...” అని మొదలుపెట్టింది.

“ఉన్నాది గానీ లేవలేదు,” అంది నూకరత్నం. “లేచినా పాతుకోలేదు. నాకు తెలుసు డాక్టరమ్మా.”

ఎస్తేరు నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వడం చూసి చాలాకాలమైందని ప్రణీత్ తర్వాత ఎవరితోనో అన్నాడు. సన్నిబాబు మాత్రం గోడవైపు తిరిగి, కండువాతో మొహం తుడుచుకుంటూ, ఎంతకీ ఇటు తిరగలేదు.

సాయంత్రం ఎండలో ముగ్గురూ భీమిలి రోడ్డు మీద బస్సెక్కారు. ఎడమవైపు సముద్రం మెరుస్తోంది. నూకరత్నం కిటికీ పక్కన కూర్చుంది. లాస్య ఇద్దరి ఒళ్ళోనూ అడ్డంగా పడుకుని, కాళ్ళు నాన్న మీద, తల అమ్మ మీద పెట్టుకుంది. డ్యూటీలో ఎప్పుడు చేరాలో, అక్కకు ఏ చీర కొనాలో నూకరత్నం చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసింది. సన్నిబాబు తిరిగి చూసేసరికి ఆమె తల అతని భుజం మీదికి జారింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఇన్ని నెలల్లో ఆమె ఇంత గాఢంగా నిద్రపోవడం అతను చూడలేదు.

వాళ్ళు దిగాల్సిన చినవాల్తేరు వచ్చింది. అతను కదల్లేదు. బస్సు ముందుకు వెళ్ళిపోయింది.

కాసేపటికి కండక్టరు వచ్చి, “ఏటండీ, మీ స్టాపు దాటిపోనాది గదా?” అన్నాడు.

“చిన్నగా మాటాడండి,” అన్నాడు సన్నిబాబు జేబులో చెయ్యి పెడుతూ. “లాస్టు స్టాపు దాకా ఇచ్చీండి.”